అటక మీది మూడు సామాన్లు: దేవరకొండ నుంచి గద్వాల దాకా

ఊరి నుంచి వచ్చి నాలుగు రోజులైంది. బ్యాగు సగమే విప్పాను, కారు సీటు కింద సీతాఫలం గింజలు ఇంకా దొరుకుతూనే ఉన్నాయి. మర్చిపోకముందే రాసేద్దామని కూర్చున్నా. గుళ్లు చూసింది తక్కువ, ఫోటోలు తీసింది అంతకంటే తక్కువ. మా పాత ఇంటి అటక మీద దొరికిన మూడు సామాన్లు సంచిలో వేసుకుని, కనబడ్డ ముసలాయనకల్లా చూపిస్తూ ఆరు రోజులు తిరిగాం, అంతే.

అక్టోబర్ 11, శనివారం: దేవరకొండ దగ్గర మా ఊరు

గూనపెంకల ఇల్లు కూలగొట్టి స్లాబు వేయాలని నాయనా చిన్నాయనా దసరాకే తీర్మానం చేశారు. నేను వెళ్లేసరికి పాత సామాన్ల ఆటో వాకిట్లో ఆగి ఉంది. ఇనుము కిలో 28, ఇత్తడి 420, కర్ర సామాను ఊరికే ఇచ్చినా వద్దన్నాడు. "పొయ్యిల పెట్టుకోండ్రి" అని సలహా కూడా ఇచ్చాడు.

అటక మీద నుంచి ఒక్కొక్కటే దించుతుంటే కొన్నింటి పేర్లు వెంటనే వచ్చాయి. కందిలి, పొన్ను ఊడిన రోకలి, ఎద్దు మూతికి కట్టే చిక్కం, ఒక చెవి విరిగిన గంగాళం. గుదికర్ర చూసి మాత్రం నవ్వొచ్చింది. "నీకు నేను గుదిబండనైపోయా" అని మా ఇంట్లో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు, అసలు గుది ఎలా ఉంటుందో నలభై ఏళ్లకు ఇప్పుడు చూశా. చేలల్లో పడి మేసే ఆవు మెడకు వేలాడదీసే బరువైన దుంగ. పరుగెత్తితే ముందుకాళ్లకు కొట్టుకుంటుంది, అందుకని నడుస్తుంది. ఇన్నాళ్లూ నేను దాన్ని బండరాయి అనుకున్నా.

మూడు సామాన్లు మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

మొదటిది కర్ర గిన్నె. రెండు దోసిళ్లంత ఉంటుంది, లోపల అద్దంలా నున్నగా ఉంది, అడుగున మూడు బొక్కలు ఏటవాలుగా మూడు దిక్కులకు పోతున్నాయి. రెండోది అరచేతిలో ఇమిడే ఇనుప ముక్క, రెండు కొసలూ లోపలికి వంపు తిరిగి, వీపు మాత్రం తిన్నగా, అరిగి. మూడోది అరచంద్రంలాంటి బ్లేడు, దానికి పొట్టి కర్ర పిడి. ఈ మూడోది పాత చీర పేలికలో చుట్టి ఉంది, పేలికకు మూడు ముళ్లు. మిగతా సామానంతా దుమ్ములో పొర్లుతుంటే దీన్నొక్కదాన్నే ఎవరు ఇంత భద్రంగా కట్టి పెట్టారో అప్పుడే అడగాల్సింది. అడగలేదు.

గిన్నె క్యాండిల్ స్టాండ్ అని నేను తేల్చేశా. మూడు బొక్కల్లో మూడు కొవ్వొత్తులు. మా బావ (గద్వాల మేనత్త కొడుకు, అత్త పంపిస్తే కారు తీసుకొచ్చాడు) కాసేపు తిప్పి చూసి "మూడు సిగరెట్లు ఒకటేసారి తాగెటోని యాష్‌ట్రే" అన్నాడు. నాయనమ్మ గద్వాలలో అత్త దగ్గరే ఉంటోంది, ఎనభై నాలుగేళ్లు, ఒక కంటికి ఆపరేషన్ అయింది. వీడియో కాల్ చేసి చూపిస్తే తిట్టింది. "ఫోన్ల ఏం కనవడ్తదిరా? తెచ్చి చేతుల పెట్టు."

సరే, ఎలాగూ గద్వాల పోతున్నాం కదా అని, మధ్యలో తెలిసినవాళ్లు ఎవరైనా దొరుకుతారేమో చూస్తూ పోదామన్నా. బావ ఒకే షరతు పెట్టాడు: ఎక్కడ ఆకలైతే అక్కడ ఆపాలి. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఎండుమిరప కారం. కూలగొట్టబోయే ఇంట్లో ఆఖరి భోజనం అని చిన్నమ్మ కంటతడి పెట్టింది, ఆ వెంటనే కొత్త ఇంట్లో కిచెన్ టైల్స్ ఏ రంగో చెప్పింది.

అక్టోబర్ 12, ఆదివారం: పానగల్

ఇది పూర్తిగా నా తప్పు. గద్వాల పడమరన ఉంటే నేను తూర్పుకు, నల్గొండకు తీసుకెళ్లా. పానగల్‌లో మ్యూజియం ఉంది కదా, అలాంటి సామాన్లు పేరుతో సహా పెట్టి ఉంటారని ఆశ. పెట్రోలుకు 1,500 పోయింది.

పచ్చల సోమేశ్వరాలయం ఆవరణలోనే మ్యూజియం. శిల్పాలు, శాసనాలు, నందులు. కందూరు చోళుల కాలం నాటి పనితనం, రాయిని వెన్నలా కోశారు. చూసినంతసేపూ బాగుంది, కానీ నా సంచిలోని వాటికి చుట్టం ఒక్కటీ కనబడలేదు. అక్కడున్న ఒకాయనకు గిన్నె చూపిస్తే మర్యాదగా రెండు చేతులతో పట్టుకుని చూసి "రాళ్లయితే చెప్తం సార్, కర్రది మాకు తెల్వదు" అన్నాడు. నిజమే. రాజు వేయించిన శాసనం తొమ్మిది వందల ఏళ్లయినా మ్యూజియంలో నీడన ఉంటుంది. అదే కాలంలో ఆ రాజుకు జొన్నలు పండించినవాడి గొర్రు మాత్రం చెదలు తిని పోయింది. ఇనుమైతే కరిగి ఇంకో కొడవలి అయింది. పనిముట్టుకు ముసలితనం రానివ్వరు కదా, వచ్చేలోపే ఇంకోటిగా మారుస్తారు.

అక్కడిదాకా వచ్చి ఛాయా సోమేశ్వరాలయం చూడకుండా పోతామా. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ, పొద్దు ఎటు తిరిగినా అక్కడే ఉంటుంది. బావ పది నిమిషాలు స్తంభాల మధ్య అటూ ఇటూ నడిచి, ఏ స్తంభానిదో పట్టేద్దామని చూశాడు. దొరకలేదు. ఒక్క స్తంభం నీడ కాదు, చుట్టూ ఉన్న దారుల్లోంచి చెదిరి వచ్చే వెలుతురు స్తంభాల మధ్య నుంచి పడే తీరు అది, కట్టినవాడి లెక్క అలాంటిది. నీడ ఎవరిదో కనుక్కోలేనివాళ్లం గిన్నె ఎవరిదో ఏం కనుక్కుంటామని నవ్వుకుంటూ ఉదయసముద్రం కట్ట మీద మిర్చి తిన్నాం, ప్లేటు 40. మిర్చికి జీలకర్రా వామూ దట్టించి పెట్టాడు. ఈ ట్రిప్పులో తిన్నవాటిలో నా లెక్కన రెండో స్థానం.

అక్టోబర్ 13, సోమవారం: డిండి, కల్వకుర్తి

మళ్లీ వచ్చిన దారినే వెనక్కి, దేవరకొండ దాటి డిండి వైపు. రోడ్డుకు రెండు పక్కలా పత్తి పగిలి తెల్లగా ఉంది. డిండి దాటాక గొర్ల మంద రోడ్డు దాటుతుంటే ఆగాం. కాపరి పెద్దాయన, భుజాన గొంగడి, చేతిలో స్మార్ట్‌ఫోన్, అందులో ఏదో ఒగ్గు కథ గట్టిగా నడుస్తోంది.

ఇనుప ముక్క చూపించా. ఆయన ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు, దాన్ని తీసుకున్నాడు, తీసుకోవడమే నాలుగు వేళ్లు వంపులో దూర్చి వీపు బయటికి వచ్చేలా పట్టుకున్నాడు. నేను రెండు రోజులుగా దాన్ని తలకిందులుగా పట్టుకుంటున్నా.

"చెకుముకి" అన్నాడు.

"అంటే రాయి కదా తాతా?"

"రాయి ఒక్కటుంటె నిప్పు ఏడికెళ్లొస్తది? ఇనుము ఉండాలె, రాయి ఉండాలె, దూది ఉండాలె. మూడూ ఒక సంచిల పెట్టుకొని నడుముకు కట్టుకుంటుండె మా నాయిన."

అంటూనే చేను గట్టు మీద వెతికి ఒక తెల్ల పలుగురాయి ముక్క తెచ్చాడు. రాయి అంచును ఇనుము మీద ఇలా పైనుంచి కిందికి గీసినట్టు కొట్టాడు. మొదటిసారి ఏం లేదు. మూడోసారికి పట్టపగలే నాలుగు రవ్వలు రాలాయి. నేను కొట్టా. నా బొటనవేలి కణుపు చర్మం లేచింది, రవ్వ రాలేదు. బావ వీడియో తీస్తున్నాడు, అది ఇప్పుడు మా చుట్టాలందరి ఫోన్లలో ఉంది.

ఈ ఇనుము మెత్తటిది అయితే పనికిరాదట, కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరచిందే కావాలి. ఆలోచిస్తే అర్థమైంది, నిప్పు వచ్చేది రాయి నుంచి కాదు, రాయి అంచు గోకిన ఇనుప రజను వేడికి మండి రవ్వ అవుతుంది. అందుకే వీపు అరిగింది. ఎన్ని వేల చుట్టలు వెలిగిస్తే అంత అరుగుతుందో. పక్క చేలోంచి కాస్త పత్తి తెంపి పెట్టి చూశాం, అంటుకోలేదు. ఆయన నవ్వి, పచ్చి పత్తికి అంటదు, బూరుగు దూదికి బొగ్గుపొడి పట్టించి గొట్టంలో దాచుకునేవాళ్లమన్నాడు. వర్షాకాలం తడవకుండా ఆ గొట్టాన్ని గొంగట్లో చుట్టి పెట్టేవాళ్లట. గిన్నె, బ్లేడు కూడా చూపించా. గిన్నె "కాపోళ్లది, వాళ్లనడుగు" అన్నాడు. బ్లేడు చూసి మాత్రం తల అడ్డంగా ఊపాడు, చేతిలోకి కూడా తీసుకోలేదు. వందనోటు ఇవ్వబోతే కోపమొచ్చింది ఆయనకు. చాయ్ తాగమంటే, మంద ఆగదన్నాడు.

కల్వకుర్తి పోయే దారిలో మ్యాప్ చెప్పిన అడ్డదారి పట్టుకుని ఒక చేలో తేలాం. అక్షరాలా చేలోనే, ముందు దారి లేదు. ట్రాక్టర్‌తో పల్లి విత్తనం వేస్తున్నారు. కారు వెనక్కి తిప్పడానికి ముగ్గురు వచ్చి తోశారు. వాళ్లలో ఒక పెద్దమనిషి వెనక సీటు మీద గిన్నె చూసి "జడ్డిగం తీస్కపోతున్నరేంది?" అని మామూలుగా అడిగాడు, ఏదో మన చేతిలో చెంబు చూసి చెంబు అన్నట్టు.

విత్తనాలు వేసే మూడు పళ్ల గొర్రు మీద, నడుమన కట్టే గిన్నె అది. మూడు బొక్కలకు మూడు వెదురు గొట్టాలు, ఒక్కో గొట్టం ఒక్కో పంటి వెనక్కి దిగుతుంది. గొర్రు తోలేది మగమనిషి. వెనక నడుస్తూ పిడికిలితో గింజలు జడ్డిగంలో విడిచేది ఆడమనిషి. మూడు సాళ్లకూ సమానంగా పడాలి. ఒక గొట్టంలో మట్టి ఇరుక్కుంటే ఆ సాలు ఉత్తదే, ఆ సంగతి అప్పుడు తెలియదు. వారానికి మొలకలు వచ్చాక చేను నడుమ బొచ్చు పోయిన తలలా కనిపిస్తుంది, ఊరంతా చూస్తుంది. "మా అవ్వ ఒక్కతె పోసిన చేను గీత గీసినట్టు మొలుస్తుండె, పక్కూరోళ్లు గూడ బండి కట్టి తీస్కపోదురు" అన్నాడాయన. ట్రాక్టర్ వెనక ఉన్న ఇనుప డబ్బా చూపించి, ఇది కూడా జడ్డిగమే, కాకపోతే అవ్వ లేదు అని నవ్వాడు.

క్యాండిల్ స్టాండ్ సంగతి ఆయనకు చెప్పలేదు.

అక్టోబర్ 14, మంగళవారం: మహబూబ్‌నగర్

జడ్చర్లలో రోడ్డు పక్కన గంపల నిండా సీతాఫలాలు. పెద్ద గంప 400 అంటే బేరమాడి 300కు తీసుకున్నాం, బావ పాలమూరు చేరేలోపు పదకొండు తిన్నాడు. పిల్లలమర్రి కంచె బయటి నుంచే చూశాం. ఊడలు దిగి దిగి అసలు మొదలు ఏదో తెలియని చెట్టు, దాదాపు ఏడు వందల ఏళ్లదంటారు. చెదలు పట్టి కొమ్మ విరిగితే 2018లో సెలైన్ బాటిళ్లతో మందెక్కించి బతికించుకున్నారు. చెట్టుకు అంత చేసినవాళ్లం అని అనబోయి ఆగా. మొన్న పానగల్‌లో ఒకసారి లెక్చర్ ఇచ్చానుగా, చాలు.

పట్నంలో పాత ఇత్తడి సామాన్ల దుకాణం ఒకటి పట్టుకున్నాం. యజమాని మాటకారి. హైదరాబాద్ నుంచి వచ్చామని తెలియగానే రేట్లు నిలబడి మాట్లాడటం మొదలుపెట్టాయి. అరలో ఒక జడ్డిగం, అచ్చం మాలాంటిదే, నున్నగా పాలిష్ కొట్టి ఉంది. "ఇది ఏందన్నా?" అని అమాయకంగా అడిగా.

"క్యాండిల్ స్టాండ్ సార్, నిజాం జమానాది. 2,500."

బావ బయటికి పరుగెత్తాడు, నవ్వు ఆపుకోలేక.

దొంగ కాదు ఆయన. ఎవరో హోటల్ డెకరేషన్ వాళ్లు అలా అడిగి నాలుగు కొన్నారట, అప్పటి నుంచి అదే పేరు. ఇంకో కొక్కేల గుత్తి చూపించి ఇదేంటో చెప్పండని మమ్మల్నే పరీక్ష పెట్టాడు. ఒక రింగుకు అన్ని వైపులా తేలు తోకల్లా కొక్కేలు. "మటన్ వేలాడదీసేది" అన్నాడు బావ, వాడి ధ్యాస వాడిది. పాతాళగరిగె. బావిలో చెంబో బొక్కెనో పడితే తాడు కట్టి దించి, అడుగంతా దేవి, దేనికో ఒక దానికి కొక్కెం తగిలించి లాగేది. ఊరికి ఒకటో రెండో ఉండేవి, అడిగినవాళ్లకు ఇస్తారు, కానీ ఇంటికి తెచ్చి ఇచ్చేదాకా వాళ్ల చెంబు ఒకటి వీళ్ల దగ్గర పెట్టుకుంటారని దుకాణం ఆయనే చెప్పాడు. ఆ మాట అప్పుడు తమాషాగానే అనిపించింది.

కొలతల సెట్టు చూపించినప్పుడు మాత్రం ఆయన గొంతు మారింది, బేరం పోయి ముచ్చట వచ్చింది. వాళ్ల నాయన గింజల వ్యాపారి. ఒక్కోటి తీసి వరసగా బల్ల మీద పెట్టాడు. రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండడ్డలు కుంచం. నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. పుట్టికి మాత్రం పాత్ర ఉండదు, బండి ఉంటుంది. అన్నిటికంటే పెద్దది ఇనుప రేకు కుంచం, అంచుకు దళసరి పట్టీ కొట్టి ఉంది. ఆ పట్టీ ఎందుకో చూపించాడు: గింజలు పోసి కర్రతో అంచు మీద బర్రున గీస్తే సమంగా తల కోసినట్టు అవుతుంది, అది గీసి కొలవడం. గీయకుండా పైన కుప్పగా నిలిచినంత నిలవనిస్తే అది ఇంకో కొలత. ఒకే కుంచం, రెండు కొలతలు.

"ఇచ్చేటప్పుడు గీసి ఇస్తరు, తీస్కునేటప్పుడు కుప్పతోని తీస్కుంటరు. మా నాయిన గూడ గంతే" అన్నాడు, దాపరికం లేకుండా.

కుంచం 1,800 చెప్పాడు. ఇనుప రేకుకు 1,800 ఏంటని నవ్వి వచ్చేశాం.

అక్టోబర్ 15, బుధవారం: దేవరకద్ర, కురుమూర్తి, జూరాల

దేవరకద్రలో బుధవారం అంగడి. పశువుల వైపు పోతే కాళ్ల కింద పేడ, చెవుల్లో గంటలు, టవల్ కింద చేతులు పెట్టి వేళ్లతో బేరాలు. పక్కన వరసగా పట్టెడలు (పశువుల మెడకు కట్టేవి), మోకులు, చర్నాకోలలు అమ్మేవాళ్లు. నైలాన్ తాళ్లే ఎక్కువ. తోలు పట్టెడలు అమ్ముతున్నది ఒక్క పెద్దమనిషే, డెబ్బై దాటి ఉంటాయి. ఆయన ముందు గోనెసంచి మీద కూర్చుని మూడోదాని పేలిక విప్పా.

ఆయన చూడగానే చెయ్యి చాచాడు. పిడి అరచేతిలో పెట్టుకుని, బొటనవేలు అంచు మీద అడ్డంగా ఆనించి వాడి చూశాడు. తర్వాత చెయ్యి మార్చాడు. మళ్లీ మార్చాడు.

"రంపె. మా పనిది. తోలు కోసుడు, అంచు పలచగ గీకుడు, అన్నీ దీంతోనే." గోనెసంచి కింద నుంచి తన రంపె తీసి పక్కన పెట్టాడు. అదే అరచంద్రం, అదే పొట్టి పిడి. కానీ ఆయన పిడి మీద నల్లటి మరక కుడివైపు ఉంది, మా దాని మీద ఎడమవైపు. బొటనవేలు ఆనిన చోట కర్ర గుంట పడింది, అదీ ఎడమ చేతికే సరిపోతోంది. "పుర్రచేతి మనిషి. పనిమంతుడు. సూడు, అంచు ఏడ గూడ విరగలె, నూరి నూరి అరగదీసిండు."

నాకు భలే ఉత్సాహం వచ్చింది, మనిషి మొహం తెలియకపోయినా చెయ్యి తెలిసిపోయింది కదా అని. ఆయన మాత్రం రంపెను పేలికలో పెట్టి, తిరిగి నా చేతికి ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని అడిగాడు.

"మీరు ఈ పనోళ్లు కాదు గదా సారు?"

"కాదు."

"మరి మీ ఇంట్లకు ఎట్లొచ్చింది? పని చేసెటోడు పాణం పోయినా రంపె ఇడవడు."

నా దగ్గర జవాబు లేదు. ఒక పట్టెడ కొన్నా, 350, బేరం ఆడలేదు. మాకు ఆవు లేదు.

అక్కడి నుంచి కురుమూర్తి స్వామి గుడి ఉన్న కొండ. దీపావళి తర్వాత జాతర, ఇప్పుడు కొండ ఖాళీగా ఉంది, మెట్ల మీద మేకలు. జాతరలో ఉద్దాల ఉత్సవం అసలు ముఖ్యం. ఉద్దాలంటే స్వామి పాదుకలు. చిన్నవడ్డేమాన్‌లో తోలుపని చేసేవాళ్లు తయారుచేస్తే ఊరేగింపుగా తెస్తారు, జనం వాటిని తలకు తాకించుకుంటారు. ఆ మాట కొబ్బరికాయల కొట్టు ఆమె చెబుతుంటే నేను సంచి వైపు చూస్తున్నా. స్వామి చెప్పులు కోసేది కూడా ఇలాంటి రంపెతోనే అయ్యుంటుంది.

జూరాల డ్యామ్ దగ్గర చేపల ఫ్రై, కళ్ల ముందే మసాలా పట్టించి నూనెలో వేస్తారు. ఇద్దరికీ కలిపి 420. ఇదే మొదటి స్థానం, సందేహం లేదు. బావ ముళ్లు తీస్తూ తీస్తూ "అమ్మమ్మను అడగకపోతే ఏమైతది?" అన్నాడు. వాడూ అదే ఆలోచిస్తున్నాడన్నమాట.

అక్టోబర్ 16, గురువారం: గద్వాల

పొద్దున్నే అత్త ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టింది. వాళ్ల వీధిలో మగ్గాలున్నాయి. పక్కింట్లో కుప్పడం చీర నేస్తున్నారు, నడుమ నూలుకు ఒక నాడె (పోగును అటూ ఇటూ తీసుకెళ్లేది), రెండు అంచుల పట్టుకు రెండు నాడెలు, ఇద్దరు మనుషులు. ఆ చప్పుడు వింటూ నాయనమ్మ గడప పక్కన పీట మీద కూర్చుని ఉంది.

మొదట చెకుముకి ఇచ్చా. "మీ తాతది" అంది, ఒక్క క్షణం కూడా పట్టలేదు. "పొద్దుగాల లేస్తె టక్కు టక్కు, పక్కల పండినోళ్లకు నిద్రుండదు. అగ్గిపెట్టె పదిపైసలైనా ఇదే కొట్టిండు, పిసినారి."

జడ్డిగం ఒళ్లో పెట్టా. లోపల చెయ్యి పెట్టి చుట్టూ తిప్పింది. ఆ నునుపు ఎక్కడిదో అప్పుడు తెలిసింది నాకు. కుడి పిడికిలి గిన్నె పైన పెట్టి, చిటికెన వేలు కొంచెం వదులు చేసి, మళ్లీ బిగించి, వదులు చేసి, పిడికిలిని మూడు బొక్కల మీదా చిన్నగా తిప్పుతూ ఖాళీ గింజలు పోస్తోంది. కూర్చున్నచోటే కాలి బొటనవేళ్లు కూడా కదులుతున్నాయి, నడుస్తున్నట్టు. అత్త వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. ఎంతసేపు పోసిందో, మేము ఆపమనలేదు.

రంపె పేలిక విప్పకుండానే ఇచ్చా. ముళ్లు తడిమింది. విప్పలేదు.

"ఏడ దొరికింది?"

"అటుక మీద, దూలం పక్కన."

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా చెప్పింది. డెబ్బై రెండుల కరువు. మా వాకిట మోటబొక్కెనలు (బావి నీళ్లు తోడే తోలు సంచులు) కుట్టే పుర్రచేతి ఆయన వచ్చి రెండు కుంచాల జొన్నలు అడిగాడు. నాగుకు ఇస్తా అన్నాడు తాత, కుంచానికి కుంచంన్నర పంట మీద. నాకు పంటెక్కడిది దొరా అన్నాడాయన. అయితే ఏదన్న పెట్టిపో అన్నాడు తాత. పెట్టడానికి ఆయన దగ్గర ఉన్నది ఇదొక్కటే.

"పనిముట్టు గుంజుకుంటె ఆయన ఏం జేసి తీరుస్తడు అని అడిగిన. నోరు మూసుకోమన్నడు. నా చీరె కొంగు చించి కట్టిన, తుప్పు పట్టకుండ ఆముదం రాసి. వస్తడేమో, ఇద్దామని."

రాలేదు. ఆ ఎండాకాలమే పెండ్లాం పిల్లలతో బొంబాయి బతకపోయాడు.

"జొన్నలు కొలిచి పోసింది నేనే బిడ్డా. గీసి పోసిన. మీ తాత చూస్తుండె."

బావ ఊళ్లో ఎవరికో ఫోన్ చేశాడు. ఆయన పోయి చాలా ఏళ్లైందట, మనవడు మాత్రం బొంబాయి నుంచి తిరిగొచ్చి దేవరకొండలో ఉంటున్నాడు, ఆటో నడుపుతాడు. వచ్చే ఆదివారం పోయి ఇచ్చేసి వస్తా అన్నా. ఏమని చెప్పి ఇవ్వాలో తెలియక రెండు రోజులుగా అద్దం ముందు మాటలు కూర్చుకుంటున్నా, ఒక్కటీ కుదరట్లేదు. బయల్దేరేటప్పుడు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఉత్త చేతులతోని పోకు. రెండు కుంచాల జొన్నలు తీస్కపో. కిలోల లెక్క కాదు, కుంచంతోని కొలువు. గీయకు, కుప్ప పొయ్యి."

మా ఇంటి కుంచం శనివారమే పాత ఇనుములో పోయింది, కిలో 28 లెక్కన. నిన్న మహబూబ్‌నగర్ దుకాణం ఆయనకు ఫోన్ చేశా. మాకు అవసరమని గొంతులోనే తెలిసిపోయినట్టుంది, 2,200 అన్నాడు.